కళ్లంలో నేను లేచి అన్న మాట

బావ పెద్దకర్మ నుంచి తిరిగి వచ్చిన దగ్గరి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పొద్దున్నే లేచి నడకకని బయల్దేరతాను, సగం దారిలో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వస్తాను. పేపరు తీస్తే ఒకే వార్త మూడుసార్లు చదువుతాను, ఏం చదివానో తెలియదు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతుంటే లోపల్నుంచి మా ఆవిడ, "ఏందండీ ఆ తిరుగుడు? గచ్చు అరిగిపోద్ది. కాసేపు కూర్చోండి" అంటుంది. కూర్చుంటాను. రెండు నిమిషాలకే మళ్లీ లేస్తాను. ఇది బావ పోయిన దుఃఖమే అనుకుంటే నాకు గౌరవంగానే ఉండేది. కానీ కాదు. నలభై ఏళ్లకు పైగా నాలో ఒక మూల కదలకుండా పడి ఉన్నది ఒకటి ఇప్పుడు లేచి తిరుగుతోంది, దానితో పాటు నన్నూ తిప్పుతోంది.

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పుతూ అందరూ ఒకే మాట అన్నారు, "మాష్టారు ముక్కుసూటి మనిషి" అని. అది మెచ్చుకోలే అనుకుని ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పుకున్నాను. ఆమె శాలువా మడత పెడుతూ, "ఇంకేం అనాలో తోచనప్పుడు అంటార్లెండి అట్టా" అంది. అప్పుడు నవ్వాను. ఆ ముక్కుసూటితనం మొదట ఎవరిని గుచ్చిందో రాయాలంటే మా ఊరు, మా మిరప కళ్లం, మా నాన్న గురించి చెప్పాలి.

మాది రొంపిచెర్ల దగ్గర ఒక పల్లె. మెట్ట ఎక్కువ, కాలువ నీరు అందే పొలం కొంచెం. ఆ కొంచెంలో మిరప వేసేవాళ్లం. కాయలు పండి కోతలు మొదలయ్యాయంటే ఇంటి తీరే మారిపోయేది. ఇంటి వెనక దడి అవతల అలికి చదును చేసిన కళ్లంలో కాయలు పరిచేవాళ్లు. పొద్దున లేచి తలుపు తీస్తే ముందు ఘాటు లోపలికి వచ్చేది, తర్వాతే వెలుతురు. అన్నంలో ఆ ఘాటు, పక్కబట్టల్లో ఆ ఘాటు, చదువుకునే పుస్తకం పేజీ తిప్పితే అందులోనూ అదే. అమ్మ పెరటి గుమ్మం పక్కన ఒక ముంతలో మజ్జిగ, ఒక గిన్నెలో ఆముదం పెట్టేది. కళ్లం నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా సరే ముందు మజ్జిగతో చేతులు కడుక్కుని, తర్వాత ఆముదం రాసుకుని గాని ఇంట్లో దేన్నీ ముట్టకూడదు. అయినా చేతుల మంట పోయేది కాదు. ఏడాదిలో ఆ రెండు నెలలే మా నాన్న చెంచాతో అన్నం తినేవాడు. వీధిలో పోయేవాళ్లు అది చూసి, "కలెక్టరు గారి భోజనం అయిందా?" అని ఎగతాళి చేసేవాళ్లు. నాన్న చెంచా పైకెత్తి చూపించి, "దరఖాస్తులు రేపు తీసుకుంటాం, పోయిరండి" అనేవాడు.

దరఖాస్తులు నిజంగానే వచ్చేవి. నాన్న పెద్దమనిషి కాదు, పార్టీల్లో తిరిగినవాడూ కాదు. కానీ ఊళ్లో ఇద్దరికి మాట పడకపోతే ఎవరో ఒకరు వచ్చి నాన్న చెవిలో వేసేవాళ్లు. నాన్న రచ్చకి పిలిచేవాడు కాదు. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టేవాడు కాదు. మిరప రోజులైతే, "కళ్లంలోకి రండి, తాలు ఏరుకుంటా మాట్టాడుకుందాం" అనేవాడు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఎర్రకాయల్లో నుంచి దాన్ని ఏరి వేరు చేయాలి. ఒక్కో రాశి చుట్టూ గోనెపట్టాల మీద కూలి ఆడవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని ఏరుతుంటారు. తగువు పడ్డ ఇద్దర్నీ నాన్న ఒకే రాశి దగ్గర, ఎదురెదురుగా కాక పక్కపక్కన కూర్చోబెట్టేవాడు. చేతులు పని చేస్తుంటాయి. చూపు కాయల మీద ఉంటుంది. ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. అక్కడ అందరికీ కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉంటాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటు తగిలిందో తెలియదు. మగవాడు కన్నీళ్లు పెట్టుకున్నా మా పల్నాడులో పరువు పోని చోటు అదొక్కటే.

ఒకసారి కోటయ్యకీ వాళ్ల అన్నకీ మాటలు లేవు. అన్న తన కూతురి ఓణీల ఫంక్షన్‌కి తమ్ముణ్ణి స్వయంగా పిలవకుండా ఎవరి చేతో కబురంపాడని గొడవ. ఇద్దరూ మా కళ్లంలో కూర్చున్నారు. చాలాసేపు కాయల గలగల తప్ప ఏమీ లేదు.

"పిలవలేదని ఎవురన్నారు? కబురు చేశాగా" అన్నాడు అన్న, కాయలతో అంటున్నట్టు.

"కబురు చేస్తే వచ్చేదానికి నేనేమన్నా పై ఊరోణ్ణా?" అన్నాడు కోటయ్య.

"కోటయ్యా, ఆ కాయ చూడు, తాలుకాయ మంచిదాంట్లో ఏశావు" అన్నాడు నాన్న.

పక్క రాశి దగ్గర నుంచి నాగరత్తమ్మ, ఆమె మా కూలి ముఠాకి పెద్ద, గుడ్డ కిందికి లాగి, "అన్నదమ్ములిద్దరికీ ముక్కులు కారతన్నయ్. ముందు తుడుచుకోండయ్యా, తర్వాత తీరిగ్గా కొట్టుకుందురు గాని" అంది. కళ్లమంతా నవ్వింది. అన్న కూడా నవ్వబోయి తుమ్మాడు. సాయంత్రానికి రాశి సగమైంది. లేచేముందు అన్న గోనె దులుపుతూ, "మీ వదిన పొద్దున్నుంచి ఇంట్లోనే ఉంది, వచ్చి అన్నం తిని పో" అన్నాడు. అంతే. నాన్న ఏ తీర్పూ చెప్పలేదు. ఎవరిది తప్పో తేల్చలేదు.

అదే నాకు నచ్చేది కాదు. అప్పుడు నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాను. వక్తృత్వపు పోటీల్లో రెండు కప్పులు గెలిచాను. నిజాన్ని నిర్భయంగా చెప్పడమే మనిషితనం అని ఆ పోటీల్లో గొంతెత్తి చెప్పేవాణ్ణి, చప్పట్లు పడేవి. ఇంటికొచ్చి చూస్తే నాన్న ఒకరి మాట ఇంకొకరికి ఉన్నదున్నట్టు చేరవేసేవాడే కాదు. "వాడి మొహం చూడను" అని ఒకడంటే, అవతలివాడికి, "ఆయనకి చానా నొచ్చిందయ్యా" అని చెప్పేవాడు. "ఇది అబద్ధం కదా నాన్నా" అని ఒకరోజు నిలదీశాను. నాన్న చెంచాతో మజ్జిగన్నం తింటూ, "మొహం చూడనన్నాడంటే నొచ్చిందనేగా" అన్నాడు. నాకది తప్పించుకునే జవాబులా అనిపించింది. కాలేజీలో మిత్రులకి చెప్పి నవ్వుకున్నాను కూడా.

ఆ ఏడాది కోతలు మొదలవకముందే అక్క పుట్టింటికి వచ్చింది. అక్క నాకన్నా మూడేళ్లు పెద్దది. మాచవరం వైపు ఒక ఊరికి ఇచ్చాం. బావ నెమ్మదైన మనిషి, మాటలు తక్కువ. కాపురానికి వెళ్లిన రెండో ఏడే అక్క వేరు పొయ్యి కావాలందట. పెద్ద కాపురంలో, అత్తగారు గట్టిగా ఉన్న ఇంట్లో, కొత్త కోడలు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. అత్తగారు అలిగింది. మాటా మాటా పెరిగింది. బావ అటూ చెప్పలేక ఇటూ చెప్పలేక, కొన్నాళ్లు పుట్టింట్లో ఉండిరమ్మని అక్కని బస్సెక్కించాడు. కొన్నాళ్లు నెలలయ్యాయి. ఆ ఊరి నుంచి మా ఊరికి వచ్చిపోయేవాళ్లు, "ఇల్లు చీల్చిన కోడలు" అనే పేరు మోసుకొచ్చారు. అమ్మ అడిగింది, నాన్న అడిగాడు. ఎందుకమ్మా వేరు పొయ్యి అంటే అక్క, "నాకు అత్తతో కుదరటం లేదు, అంతే" అనేది. నెపమంతా తన మీదే వేసుకునేది.

అసలు కారణం నాకు ఒక్కడికే చెప్పింది. ఒక సాయంత్రం పెరటి గుమ్మంలో కూర్చుని చేతులకి ఆముదం రాసుకుంటోంది. నేను ఊరికే పక్కన కూర్చుని, "అక్కా, జనం నిన్నట్టా అంటంటే నాకు రక్తం మరిగిపోతంది. ఏందో చెప్పు" అన్నాను. వేలు వేలుకీ ఆముదం పట్టించింది. తర్వాత చెప్పింది. అది బావకు సంబంధించిన సంగతి. నేరం కాదు, వ్యసనం కాదు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ నలుగురికీ తెలిస్తే అలాంటి మనిషి తల ఎత్తుకోలేడు. పది మంది తిరిగే ఇంట్లో, ఒకే పొయ్యి చుట్టూ బతుకుతూ దాన్ని దాచడం కష్టం. తన తల్లికి కూడా చెప్పుకోలేక బావ అక్కకి ఒక్కదానికే చెప్పుకున్నాడు. వేరు పొయ్యి అక్క కోసం కాదు, బావ కోసం. చెప్పాక నా వైపు తిరిగి, "ఎవురితోనూ అనమాక. అమ్మతో కూడా" అంది. "అననక్కా" అన్నాను. ఆ సంగతి ఏమిటో ఇక్కడ కూడా రాయను. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

నాన్న కబురు పంపితే వాళ్లు వచ్చారు. బావ, వాళ్లమ్మ, తోడుగా ఆమె తమ్ముడు. నాన్న మామూలుగానే, "రండి, ఎండ ముదరకముందే కాసేపు కళ్లంలో కూర్చుందాం" అన్నాడు. బావ తెల్ల పంచె మడిచి గోనె మీద కూర్చున్నాడు. ఆయన పక్కన వాళ్లమ్మ, ఆమె పక్కన నాన్న. ఆవిడ తమ్ముడు కొంచెం ఎడంగా. నేను నాన్న వెనక. అవతలి రాశి దగ్గర నాగరత్తమ్మ ముఠా, మూడు ఊళ్ల ఆడవాళ్లు.

మొదట వానల గురించి, కాయ రంగు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత బావ వాళ్లమ్మ మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఏం తక్కువ చేశాం అన్నయ్యా? పొయ్యి చీల్చమంటదా? మా అత్త నన్నెన్ని మాటలన్నదీ! నేను చీల్చానా?"

"చానా ఓర్చుకున్నావు చెల్లెమ్మా, నాకు తెలవదా" అన్నాడు నాన్న.

"ఊరంతా ఏమనుకుంటన్నారు? అత్త మంచిది కాదు కాబట్టేగా అంటన్నారు."

"నిన్నెవురూ అనరు. అనేవోళ్లుంటే నా దగ్గరకి పంపు, కూలిస్తా, తాలు ఏరతారు."

ఆమె మూతి బిగించింది గాని, ముక్కు గుడ్డ సర్దుకునేప్పుడు కొంచెం నవ్వినట్టే అనిపించింది. బావ తలెత్తలేదు. కాయలు చకచకా ఏరుతున్నాడు. అంత శుభ్రంగా ఏరేవాణ్ణి నేను చూడలేదు. ఇలా గంట గడిచింది. ఆవిడ గొంతు మెత్తబడుతూ వచ్చింది. చివరికి, "పోనీ, వెనక వసారాలో వంట వరకు చేసుకోమను. మడత మంచం కూడా అక్కడే ఏసుకోమను. నా కళ్ల ముందే ఉంటారుగా" అంది. నాన్న ఒక గుప్పెడు కాయలు చూసి పక్కన పెట్టాడు. ఒక్క నిమిషం ఆగితే, "నీ ఇష్టం చెల్లెమ్మా" అనేవాడు. అంతటితో అయిపోయేది. అది నాకు ఈ రోజు కళ్ల ముందు కనబడినంత స్పష్టంగా తెలుసు.

కానీ ఆవిడ ఒక మాట కలిపింది. ఓడిపోయినవాళ్లు చివర్లో కలిపే మాట. "ఏం చేస్తాం, తల్లి పెంపకం అట్టా ఏడిచింది."

నేను లేచి నిలబడ్డాను. ఆ కళ్లంలో మాటల మధ్యలో ఎవరూ లేవరు. నాన్న దాన్ని నియమంగా ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను లేచి, పోటీల్లో నిలబడినట్టు నిలబడి, అక్క నాకు చెప్పిన సంగతి గట్టిగా అన్నాను. ఒక్క వాక్యం. అంతటితో ఆగినా కొంత మేలు. ఇంకొక వాక్యం కూడా అన్నాను. "ఈయన ఇక్కడే ఉన్నాడుగా, కాదనమనండి చూద్దాం!"

అవతలి రాశి దగ్గర చేతులు ఆగిపోయాయి. కాయల చప్పుడు ఆగితే కళ్లం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకప్పటిదాకా తెలియదు. బావ కాదనలేదు. ఏరిన తాలు ఒక పక్కకి నెట్టి, పంచె మీద పడిన గింజలు దులుపుకుని లేచాడు. కళ్ల నిండా నీళ్లు. అందరి కళ్లలోనూ నీళ్లే. "వస్తా మామయ్యా" అని నాన్నతో అని, దడి తలుపు దగ్గరకి నడిచాడు. అక్కడ అక్క మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. అందరికీ ఇద్దామని అప్పుడే వచ్చినట్టుంది. అంతా విన్నది. బావ ఆమె పక్క నుంచి వెళ్లాడు. ఆమె చెంబు నేల మీద పెట్టి, లోపలికి పోయింది. నా వైపు చూడలేదు.

నేను అక్క పక్షాన మాట్లాడానని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అక్క మీద ప్రేమ లేదని కాదు. కానీ లేచి నిలబడ్డ ఆ క్షణంలో నేను అక్కని తలచుకోలేదు. మూడు ఊళ్ల ఆడవాళ్లు నా వైపు తిరగడం చూశాను, నా గొంతు ఎంత బాగా పలికిందో విన్నాను. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

నాన్న నన్ను కొట్టలేదు. చుట్టాలు వెళ్లాక మళ్లీ వచ్చి అదే రాశి దగ్గర కూర్చుని పొద్దుగూకేదాకా ఏరాడు. నేను దడి పక్కన తచ్చాడుతూ, "నేనన్నది నిజమేగా నాన్నా" అన్నాను. నాన్న తలెత్తకుండానే, "నిజమే. ఎవురిదిరా ఆ నిజం?" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆయన ఆ ప్రస్తావన తేలేదు.

అయిదో రోజు పొద్దున అక్క సంచి సర్దుకుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ పంపలేదు. తనే బస్సెక్కి బావ దగ్గరకి వెళ్లిపోయింది. సంచి పట్టుకుందామని వెంట వెళ్లాను. "బరువేం లేదులే" అంది. తర్వాత తెలిసింది, వాళ్ల ఊళ్లో బావ టీ బంకు దగ్గరకి పోవడం మానేశాడని, తల్లి ఎదుట పడలేక పొలంలోనే పొద్దు గడిపేవాడని. కొన్నాళ్లకి ఇద్దరూ ఆ ఊరే వదిలి ఇంకో ఊళ్లో పొలం కౌలుకి తీసుకుని, ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. అక్క కోరుకున్న వేరు పొయ్యి దొరికింది. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగలనప్పుడు దొరికింది.

అక్క నాతో మాటలు మానేయలేదు. మానేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. వాళ్లింటికి వెళ్తే కుర్చీ తుడిచి వేసేది. ఫ్యాన్ నా వైపు తిప్పేది. ఇంట్లో అందరూ గ్లాసుల్లో తాగుతుంటే నాకు మాత్రం సాసర్ పెట్టి కప్పులో కాఫీ ఇచ్చేది. "ఉద్యోగం బాగుందా, పిల్లలు బాగా చదువుతున్నారా" అని అడిగేది. చుట్టానికి చేసే మర్యాద. బావ కూడా "రా, కూర్చో" అనేవాడు, ఒక పది నిమిషాలు కూర్చుని పొలంలో పనుందని లేచేవాడు. నేను గంటలో బయల్దేరేవాణ్ణి. ఒక్కపూట ఉండిపొమ్మని వాళ్లూ అనలేదు, ఉంటానని నేనూ అనలేదు.

ఇంత జరిగాక మనిషి మారతాడనుకుంటారు. నేను మారలేదు. బడిలో ఒక తోటి పంతులు పాఠం తప్పు చెబుతున్నాడని అతని ఎదుటే, పిల్లలు వింటుండగా అన్నాను. నా కూతురు ఇష్టపడి తెచ్చుకున్న చీర ఆమెకి నప్పలేదని ఒక పెళ్లిలో అందరి మధ్యా అన్నాను. ఇప్పుడు వాట్సాప్ వచ్చింది. మా చుట్టాల గ్రూపులో ఎవరో ఏదో పెడతారు, నేను దాన్ని సరిదిద్దుతాను, వాళ్లు గ్రూపులోంచి వెళ్లిపోతారు. "నాన్నా, నువ్వు టైప్ చేస్తన్నావని పైన కనపడితే చాలు, నాకు గుండె దడ వస్తంది" అంటుంది కూతురు. నాన్న రోజుల్లో ఒక కోపపు మాట అవతలివాడి చెవిన పడాలంటే కళ్లం దాకా నడవాలి, కూర్చోవాలి, కాయలు ఏరాలి, తుమ్మాలి. సగం మాటలు దారిలోనే రాలిపోయేవి. ఇప్పుడు మాట బొటనవేలి చివర ఉంది. మా కళ్లం ఉన్నచోట ఇప్పుడు ఇళ్ల ప్లాట్లకి రాళ్లు పాతారు. మిరప వేసేవాళ్లు పొలంలోనే పట్టాల మీద ఆరబోసి, అటు నుంచి అటే లారీకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలుతున్నారు. పక్కపక్కన కూర్చుని తలొంచుకుని మాట్లాడుకునే చోటు మా ఊళ్లో ఇంకెక్కడైనా మిగిలిందేమో నాకు తెలియదు.

మొన్నీమధ్య బావ పోయాడు. నిద్రలోనే పోయాడట. పెద్దకర్మ రోజు వాళ్లింటి ముందు షామియానా, బంతి భోజనాలు. నేను దారి పొడవునా ఒకటే అనుకుంటూ వెళ్లాను. ఈ రోజు అక్కని క్షమించమని అడగాలి, అందరి ముందూ అడగాలి, తప్పు అందరి ముందూ చేశాను కాబట్టి. అది న్యాయంగా తోచింది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న అక్క దగ్గరకి వెళ్లి, "అక్కా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"భోజనం చేశావా?" అంది అక్క.

"కాదక్కా, ఇన్నేళ్లుగా నేను..."

"పప్పు అయిపోతందంట. పో, ముందు తిను."

తిన్నాను. చెయ్యి కడుక్కునే దగ్గర అక్క వచ్చి నన్ను లోపలికి పిలిచింది. బియ్యం బస్తాలు పెట్టే గది. ఒక బస్తా మీద తను కూర్చుంది, ఇంకోదాని మీద నన్ను కూర్చోమంది.

"ఇందాక ఏం చెప్పబోయావు?"

"క్షమించమని అడుగుదామని."

"దేనికి అని ఆడ కూర్చున్నోళ్లు అడిగితే ఏం చెప్తావు?"

నేను బస్తా మూతి దారం పీకుతూ కూర్చున్నాను.

"ఈ ఊళ్లో ఎవురికీ ఆ మాట తెలవదు. ఆ ఊళ్లో తెలిసినోళ్లు సగం మంది పోయారు, సగం మంది మర్చిపోయారు. నువ్వు క్షమించమంటే అది మళ్లీ లేస్తది. నీ బరువు దిగిద్ది. ఆయన మీద పడిద్ది." గుమ్మం వైపు చూసి, "ఆయన పోయాడుగా అనుకోమాక. ఎత్తమాక దాన్ని, నాతో కూడా" అంది.

నా పశ్చాత్తాపానికి కూడా జనం కావలసి వచ్చిందని అప్పుడు తెలిసింది. అక్కడ మొదలైంది ఈ తిరుగుడు. చేసిన తప్పుకి క్షమాపణ చెప్పుకునే వీలు కూడా ఆ తప్పే మూసేస్తే మనిషి ఏం చేయాలి? అందుకే ఈ కాగితాలు రాశాను. ఆ మాట రాయకుండా, అక్క పేరూ బావ పేరూ, వాళ్లున్న ఊళ్ల పేర్లూ రాయకుండా రాశాను. నాలుగుసార్లు చింపి అయిదోసారి రాశాను. చదివిన మా ఆవిడ, "అచ్చుకి ఇచ్చేముందు ఆమెకి చదివి వినిపించండి. ఒద్దంటే చింపేయండి" అంది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మాట వెంటనే విన్నది ఇదొక్కసారేనేమో.

నిన్న పొద్దున అక్కకి ఫోన్ చేసి, పైన రాసిందంతా ఇక్కడిదాకా చదివాను. చదువుతున్నంతసేపూ అటు నుంచి చప్పుడు లేదు. ఒకటి రెండుసార్లు, "ఉన్నావా అక్కా?" అని అడిగాను. "చదువు" అంది. అయిపోయాక నేను లేచి నడవడం మొదలుపెట్టాను.

"మా పేర్లు లేవుగా. వేసుకో" అంది చివరికి.

"నీకు కష్టంగా ఉంటే..."

"అదేం లేదు గాని, అంతా నీ గురించే రాసుకున్నావేందిరా? నీ తప్పు, నీ కప్పులు, నీ తిరుగుడు. ఆయన గురించి ఏముంది ఇందులో? వచ్చాడు, కాయలు ఏరాడు, లేచి పోయాడు. అంతేనా మీ బావ?"

నేను నడవడం ఆపాను. ఆలోచిస్తే నిజంగా అంతే. బావ గురించి నాకు తెలిసింది ఆ ఒక్క సంగతే, తెలియకూడనిది. అది కాక ఆయనకి ఏ కూర ఇష్టమో, దేనికి నవ్వేవాడో, అక్కని ఏమని పిలిచేవాడో నాకు తెలియదు. నలభై ఏళ్లు నా తప్పు చుట్టూ తిరిగాను గాని, దాని మధ్యలో ఉన్న మనిషిని ఒక్కసారీ చూడలేదు.

"నువ్వే చెప్పక్కా" అన్నాను.

చెప్పింది. గంటకి పైనే చెప్పింది. మధ్యలో రెండు మూడు చోట్ల నాకు ఏదో అనాలనిపించింది, ఒక ఊరి పేరు తప్పు చెబుతుంటే సరిదిద్దాలనిపించింది. ఊరుకున్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు, చూసుకుంటే వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాను. మా ఆవిడ టిఫిన్ ప్లేటు తెచ్చి పక్కన పెట్టి, నా మొహం చూసి మాట్లాడకుండా లోపలికి పోయింది. అంతా చెప్పాక అక్క, "ఇయ్యన్నీ రాయమాక. నాకుండనీ" అంది. "ఒక్కటన్నా రాయనీ అక్కా" అని బతిమాలాను. ఆలోచించి ఒకటి ఇచ్చింది.

కాపురం పెట్టిన కొత్తలో అక్క తరచూ కూరలో ఉప్పు మరిచిపోయేదట. బావ ముందు తినేవాడు, ఏమీ అనేవాడు కాదు, "ఆ ఆవకాయ ఇటియ్యి" అనేవాడు, అంతే. తర్వాత తను తినబోతే తెలిసేది. అలా కొన్నిసార్లయ్యాక అక్కకి కోపం వచ్చి, "ఉప్పు లేదని చెప్పొచ్చుగా? నోరు లేదా?" అని అడిగిందట. బావ చెయ్యి కడుక్కుంటూ, "నువ్వూ తింటావుగా, నీకే తెలిసిద్ది. మళ్లీ నేను కూడా చెప్పడం ఎందుకు?" అన్నాడట.

ఇది చెప్పి అక్క నవ్వింది. తర్వాత ఫోన్లో చాలాసేపు ఏమీ వినిపించలేదు. నేను "ఉన్నావా" అని అడగలేదు. ఉంది.